షాపు సర్వర్‌ను డీఎంజెడ్‌లో పెట్టనక్కర్లేదు

సంపాదకులకు,

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో డీటీపీ సెంటర్లు, ఫొటో స్టూడియోలు ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొట్టిన పేజీలనూ పెళ్లి ఆల్బమ్ షీట్లనూ శ్రీకాకుళం, విశాఖ ప్రెస్సులకు అందించాలంటే షాపులోనే ఎఫ్‌టీపీ సర్వర్ (నెట్ ద్వారా ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే కంప్యూటర్) పెట్టుకోవచ్చు. చిక్కల్లా పాస్‌వర్డ్ తీసుకున్నాక ఫోల్డర్ తెరుచుకోకపోవడం. దానికి సర్వర్‌ను రౌటర్‌లో డీఎంజెడ్‌కు, అంటే బయటినుంచి వచ్చే కనెక్షన్లన్నీ ఒకే కంప్యూటర్‌కు వదిలేసే సెట్టింగ్‌కు, ఎక్కించేస్తున్నారు. పని అవుతుంది, నిజమే. దాంతోపాటు ఆ కంప్యూటర్‌లో రౌటర్ అడ్డుకుంటున్న పోర్టులన్నీ (కనెక్షన్లు వచ్చే అంకెల ద్వారాలు) బయటికి తెరుచుకుంటాయి.

లాగిన్ 21వ పోర్టులో జరుగుతుంది. ఫైలుకీ, ఫోల్డర్ జాబితాకీ వేరే కనెక్షన్ కావాలి. పాసివ్ మోడ్ అనే పద్ధతిలో సర్వర్ ఒక పోర్టు తెరిచి, ఫలానా చోటికి రమ్మని 227తో మొదలయ్యే జవాబు పంపుతుంది. క్లయింట్ (అవతలివాళ్లు సర్వర్‌కు కలవడానికి వాడే ప్రోగ్రామ్) లాగ్‌లో ఆ లైను చూడండి. ఉదాహరణకు 192,168,1,10,195,80. మొదటి నాలుగూ ఐపీ అడ్రసు. ఐదోదాన్ని 256తో హెచ్చవేసి ఆరోది కలిపితే పోర్టు: ఇక్కడ 50000. 192.168 షాపు లోపలి అడ్రసు కాబట్టి విశాఖ నుంచి అక్కడికి చేరడం అసాధ్యం. ఫైల్‌జిల్లా క్లయింట్ ఈ తప్పు పసిగట్టి సర్వర్ బయటి అడ్రసుకే వెళ్తుంది. ఒకరికి తెరుచుకున్నది మరొకరికి తెరుచుకోకపోవడానికి ఇదో కారణం.

సర్వర్‌లో పాసివ్ పోర్టులు 50000 నుంచి 50050 వరకు అని కట్టడి చేయండి. చిన్న షాపుకు అవి ధారాళంగా సరిపోతాయి. సర్వర్‌కు లోపలి ఐపీ మారకుండా రౌటర్‌లో రిజర్వ్ చేసి, 21నీ ఈ వరుసనూ అదే అంకెలతో దానికి ఫార్వర్డ్ చేయాలి, అంటే రౌటర్‌కు వచ్చినవి సర్వర్‌కు మళ్లించాలి. 50000ను వేరే అంకెకు మళ్లిస్తే 227 జవాబు అబద్ధమవుతుంది. కంప్యూటర్ ఫైర్‌వాల్‌లోనూ ఇవే తెరవాలి. తరచూ మరిచేది ఇదే.

ఆపైన సర్వర్ సెట్టింగుల్లో పాసివ్ అడ్రసు గడిలో షాపు పబ్లిక్ ఐపీ (బయటివాళ్లకు కనపడే అడ్రసు) రాయాలి. అది మారుతూ ఉంటే డైనమిక్ డీఎన్ఎస్ పేరు (మారే ఐపీని వెంటాడే పేరు) ఇవ్వవచ్చు. కానీ లినక్స్‌లో వాడే వీఎస్‌ఎఫ్‌టీపీడీ అనే సర్వర్ ప్రోగ్రామ్ ఆ పేరును మొదలయ్యేటప్పుడే వెతుక్కుంటుంది. ఐపీ మారితే రీస్టార్ట్ చేయక తప్పదు. కొన్ని రౌటర్లు 227లో అడ్రసును వాటంతట అవే దిద్దుతాయి. టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను రహస్య లిపిలోకి మార్చే రక్షణ) పెట్టగానే ఆ లైను వాటికి కనపడదు, నిన్నటిదాకా నడిచింది ఆగుతుంది. అలాగని టీఎల్‌ఎస్ తీసేయకండి, పాస్‌వర్డ్ బట్టబయలుగా పోతుంది.

పరీక్ష షాపు వైఫై మీద చేయకండి. చాలా రౌటర్లు లోపలినుంచి సొంత పబ్లిక్ ఐపీకి వెళ్లనివ్వవు. ఫోన్ డేటా మీద చూడండి.

ఇదంతా చేసేముందే చూడాల్సింది ఒకటుంది: రౌటర్ వ్యాన్ అడ్రసు, అంటే నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రసు. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, ఆ కనెక్షన్ కంపెనీవారి ఉమ్మడి నాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ ఐపీని పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టు. సిమ్ రౌటర్లలో ఇది మామూలే. అప్పుడు మీ పోర్ట్ ఫార్వర్డింగ్ ఏదీ పనిచేయదు. పబ్లిక్ ఐపీ అడిగి తీసుకోవాలి, లేదా సర్వర్‌ను విశాఖ ప్రెస్సులో పెట్టించి మీరు క్లయింట్‌గా ఫైళ్లు పంపాలి.

– ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్, పర్లాకిమిడి