ఓడకు నేల ఉండదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో స్పెయిన్ పాత చెక్క ఓడల మీద వచ్చిన అనువాద వ్యాసంలో 'కీల్ మీద వరసగా నేలలు పరిచారు' అని ఒక వాక్యం ఉంది. తప్పు తెలుగు చేసినవారిది ఒక్కరిదే కాదు. స్పానిష్ మాట 'వరెంగా'. ఇంగ్లీషులో దానికి సరైన మాట ఫ్లోరే. ఆ ఫ్లోరు మనం నడిచే నేల కాకపోవడమే చిక్కు.

ఓడ అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు సాగే వెన్నుదూలం కీయా. (దీన్ని తెలుగులో 'కీల్' అని రాస్తే సగంమంది 'కీలు' అని చదువుకుంటారు. వెన్నుదూలం అంటే ఆ బెడద లేదు.) దానిమీద అడ్డంగా కూర్చోబెట్టే దుంగ వరెంగా. దాని రెండు కొసల నుంచి వంపు తిరిగిన హెనోల్, ఆపైన లిగసోన్ అందుకుంటే ఒక పక్కటెముక పూర్తవుతుంది. ఆ మొత్తాన్ని క్వాదెర్నా అంటారు. నోటుపుస్తకాన్ని క్వాదెర్నో అంటారు కాబట్టి యంత్రానువాదాన్ని నమ్మితే ఓడలోకి పుస్తకాలు రావచ్చు. హెనోల్‌కీ లిగసోన్‌కీ కలిపి ఇంగ్లీషులో ఉన్నది ఫటక్ అనే ఒకే మాట. కింది నుంచి ఒకటో ఫటక్, రెండో ఫటక్ అని అంకె వేస్తే తప్ప ఏ ముక్క ఎక్కడిదో తేలదు. వరెంగాల మీదుగా పొడవునా సోబ్రెకీయా అనే పైదూలం వేసి, అక్కడి నుంచి వెన్నుదూలం దాకా బోల్టులు దింపుతారు. ఓడ అడుగు బిగువంతా ఆ మూడింటి పట్టులో ఉంది. మనిషి నడిచే పలకలు ఆ తర్వాత సంగతి. ఇనుప ఓడల్లోనూ వరెంగా ఉంది కానీ అక్కడ అది అడుగున నిలబెట్టిన ఉక్కు రేకు. అందుకే కాగితం ఏ కాలందో, ఓడ చెక్కదో ఇనుపదో చూసుకోకుండా పెన్ను పట్టకూడదు.

స్పానిష్‌లో రెండుగా ఉన్నవి ఇంగ్లీషులో ఒకటైపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. మంగా అంటే ఓడ వెడల్పు, బావో అంటే పైతట్టును మోసే అడ్డదూలం. ఇంగ్లీషులో రెండూ బీమ్. పంతోకె అంటే ఓడ అడుగు పక్కగోడగా మళ్లే వంపు, సెంతినా అంటే లోపలి నీరు చేరే పల్లం. ఇంగ్లీషులో రెండూ బిల్జ్. సెంతినాలో నీళ్లున్నాయంటే తోడి పోయాలి, పంతోకెకు దెబ్బ తగిలిందంటే పలక మార్చాలి. తనిఖీ నివేదికలో రెండూ ఒకే బిల్జ్ అయితే పలక మార్చవలసిన చోట పంపు పెట్టి కూర్చుంటారు.

అడ్డదూలాల కొసలు ఆనే పట్టె పేరు దుర్మియెంతె, అక్షరాలా 'నిద్రపోయేది'. లాటిన్ అమెరికాలో రైలు పట్టాల కింది స్లీపర్లకూ అదే పేరు. ఆమదాలవలస స్టేషన్లో స్లీపర్లు చూసినవారికి ఇది తమాషాగా ఉంటుంది కానీ ఓడలో స్లీపర్ అని రాస్తే తప్పే. దూలం కింద పడుకోబెట్టినదైతే ఇంగ్లీషులో షెల్ఫ్, పక్కటెముకల లోపలి ముఖానికి నిలువుగా బిగించినదైతే క్లాంప్. బొమ్మ చూడకుండా తేల్చలేం. ఓబ్రా ముయెర్తా, 'చచ్చిన పని', నీటి గీతకు పైనున్న ఓడ భాగం. దాన్ని డెడ్‌వుడ్ అని దించేస్తారు. డెడ్‌వుడ్ వెన్నుదూలం కొసల మీద పేర్చే దిమ్మ, దీనికీ దానికీ పొత్తు లేదు.

మన జిల్లాలో అన్నిటికంటే మోసపుచ్చే మాట మాత్రం 'కోస్తూరా'. బట్టల విషయంలో అది కుట్టు. ఓడ విషయంలో రెండు పలకల మధ్య సందు. ఇంగ్లీషు సీమ్‌కూ అవే రెండు అర్థాలు. మరోచోట పలకల కుట్టు అని చదివితే ఎవరైనా ఇదేదో తేడాగా ఉందనుకుంటారు. ఇక్కడ అలా అనుకోరు, ఎందుకంటే మన తీరంలో పలకల్ని నిజంగానే కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవలు అలల మీద నడిచాయి. వాటికి పక్కటెముకలే ఉండవు, కెరటం కొడితే వంగి తట్టుకుంటాయి. స్పెయిన్ ఓడకు 'కుట్టు' అని రాస్తే కళింగపట్నం, భావనపాడు పాఠకుడి కళ్లముందు ఆ పడవే నిలుస్తుంది. క్వాదెర్నాకు మన తీరంలో పాత మాట వెతికేవారూ ఇది గమనించాలి. కుట్టు పడవకు ఎముకల్లేవు, తెప్ప అంటే కట్టిన దుంగలు. లేని వస్తువుకు పేరు దొరకదు.

ఆ సందును నింపే పనిని తడబడకుండా చెప్పాలంటే పలకల అమరిక తెలియాలి. పెంకుటింటి కప్పులా ఒకదానిమీద ఒకటి ఎక్కితే తింగ్లదియో, ఇంగ్లీషు క్లింకర్. అంచుకు అంచు ఆనితే 'ఆ తోపె', ఇంగ్లీషు కార్వెల్. వాడుక స్పానిష్‌లో 'ఆ తోపె' అంటే ఫుల్ స్పీడు కూడా, జాగ్రత్త. కార్వెల్‌లో మొదటి పలకను, అంటే అపరదూరాను, వెన్నుదూలం పక్కన చెక్కిన గాడి అలెఫ్రిస్‌లో దించుతారు. పలకల అంచులు లోపలివైపు ఆని, బయటివైపు కాస్త విచ్చుకోవాలి. ఆ సందులో నార పేని, ఉలిలాంటి ఇనుముతో సుత్తి వేసి దించి, వేడి కీలు, అంటే తారులాంటి జిగురు, పూస్తారు. బయట బిగుసుకుపోతే నార దిగదు, లోపల విచ్చుకుంటే దాటిపోయి ఓడలో పడుతుంది. అనువాదంలో లోపల, బయట తారుమారైతే పని మొత్తం తలకిందులు.

ఇక కొలతలు. పాత స్పానిష్ కాగితాల్లో కోదో అంటే మూర అనుకుని 18 అంగుళాలు వేస్తారు. ఓడలకు వాడిన కోదో దె రిబేరా సుమారు 57.5 సెంటీమీటర్లు. వెడల్పు 20 కోదోలంటే 11.5 మీటర్లు, మూర లెక్కన 9.1 మీటర్లే. కాస్తీయా పుల్గాదా, అంటే పాత స్పెయిన్ అంగుళం, 23.2 మిల్లీమీటర్లు కాబట్టి 3 పుల్గాదాల పలక 70 మిల్లీమీటర్లు, మన అంగుళాల్లో వేస్తే 76. కొలతల వరసలో కనిపించే 'ప్లాన్' పటం కాదు, ఓడ నడుమ అడుగు చదునుగా ఉన్నంత వెడల్పు.

ఇలాంటి వ్యాసం ఇకముందు వేసేటప్పుడు ఓడను నడిమికి అడ్డంగా కోసినట్టున్న బొమ్మ ఒకటి వేసి, ముక్కలకు అంకెలిచ్చి, స్పానిష్ పేరు తెలుగు లిపిలో ఒక్కసారి చెప్పండి. కోదోల పక్కన మీటర్లు కూడా ఉండాలి. అచ్చయిన వ్యాసానికి సవరణ వేసే వీలుంటే 'నేలలు' తీసి 'వెన్నుదూలం మీది అడ్డదుంగలు' అని పెడితే సరిపోతుంది.

ఇట్లు,
నౌకా పరిభాష అనువాదకులు కొందరు, శ్రీకాకుళం