నోయ్‌ట్రా ఇళ్లకు మరమ్మతుల ముప్పు

కూల్చివేతలే కాదు, తెలిసీ తెలియని మరమ్మతులు కూడా రిచర్డ్ నోయ్‌ట్రా కట్టిన ఇళ్లను దెబ్బతీస్తున్నాయి. ఆయనపై మీ పత్రికలో వేసిన వ్యాసంలో ఈ మరమ్మతుల ఊసే లేదు. 1892లో వియన్నాలో పుట్టి, 1923లో అమెరికా చేరి, 1929కల్లా లాస్ ఏంజెలస్ కొండవాలున లోవెల్ ఇంటిని ఉక్కు చట్రంపై నిలిపిన వాస్తుశిల్పి ఆయన. కాలిఫోర్నియాలోని రాంచో మిరాజ్ పట్టణంలో ఆయన కట్టిన 1962 నాటి మాస్లన్ ఇల్లు 2002లో చేతులు మారగానే నేలమట్టమైంది. నిలిచి ఉన్న ఇళ్లలో ముందుగా పాడయ్యేవి 'సాలీడు కాళ్లు', అంటే కప్పు అంచు దాటి బయటికి సాగి విడి స్తంభంపై ఆనే కర్ర దూలాలు. వాననీరు పైముఖం చీలికల్లో నిలిచి లోపల కర్ర పుచ్చిపోతుంది; పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది! ఆ కొసను కోసేస్తే ఇంటి రూపే పోతుంది. పుచ్చినంత మేర తొలిచి, అదే జాతి కర్ర అతికి, పైముఖానికి వాలుగా పల్చటి రేకు తొడగాలి. కూల్చివేత దరఖాస్తులను అక్కడి పురపాలక సంఘాలు 60 రోజులు ఆపి, లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ) గ్రంథాలయంలో ఉన్న ఆయన నక్షాలతో సరిచూశాకే నిర్ణయించాలి.