సురభి కమలాబాయికి ఒక రోజు కేటాయించండి

సాంస్కృతిక శాఖ సంచాలకులు గారికి,

నమస్కారం. తెలుగు టాకీ తొలి హీరోయిన్ ఎవరని మా అమ్మాయిని అడిగితే సావిత్రి అంది. తప్పు పిల్లది కాదు, చెప్పని మనది.

మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ చాలాకాలం 1931 సినిమాగానే చెలామణి అయింది. 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని తర్వాత తేలింది. తేదీ గురించి అంత వాదన జరిగింది గానీ, అందులో లీలావతి వేసిన కమలాబాయిని ఎందరు తలుచుకున్నారు? అప్పటికి ప్లేబ్యాక్ లేదు. నటిస్తూనే పాడాలి. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే కాలంలో, ఆడవాళ్లను స్టేజీ ఎక్కించిన సురభి నాటక సమాజం నుంచి వచ్చిన మనిషికి అది కొత్తేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన బడి అది.

ఒకసారి సురభి నాటకం సైడ్ వింగ్‌లోంచి చూశాను. ట్రంకుపెట్టె మీద చంటిబిడ్డ నిద్రపోతోంది. తల్లి శశిరేఖ వేషంలోనే వచ్చి, దుప్పటి సర్ది, బెల్ మోగగానే పరుగున వెళ్లి పద్యం అందుకుంది. కమలాబాయి స్టేజీ మీదే పుట్టిందంటారు. నిజమో కాదో గానీ, ఆ రాత్రి నేను నమ్మేశాను.

నా విన్నపం పెద్దదేం కాదు. ఏటా ఫిబ్రవరి 6న ఆమె పేరిట ఒక సురభి నాటకం వేయించండి. టికెట్ పెట్టినా సరే, కొనుక్కుని వస్తాం. కళాకారులకు శాలువాతో సరిపెట్టకుండా పారితోషికం ఆ రాత్రే చేతికివ్వండి. పెద్దవాళ్ల పద్యాలు కూడా ఇప్పుడే రికార్డు చేయించండి, గొంతు ఉండగానే.

ఇట్లు,
ఒక నాటకాల పిచ్చివాడు