ప్రార్థనలో పిల్లల్ని తిట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారాలు.

శ్రమల కాలం, అంటే ఈస్టరుకు ముందు యేసు శ్రమల్ని తలుచుకుంటూ ఉపవాసముండే 40 రోజులు, వచ్చిందంటే మా బాపట్ల వైపు క్రైస్తవుల ఇళ్ళలో రాత్రి ప్రార్థన కాస్త పొడుగవుతుంది. గృహ కూడికలూ ఎక్కువే. అందుకే నాతోటి పెద్దలకు ఇప్పుడే ఒక మాట చెప్పాలనిపించింది.

పిల్లలు గుడికి రావడం లేదు, మన దగ్గర కూర్చోవడం లేదు అని అందరం బాధపడుతున్నాం. మరి మన ఇళ్ళలో ప్రార్థన ఎలా ఉంటోంది? "ప్రభువా, వీడు మాట వినడం లేదు, ఫోను వదలడం లేదు, లెక్కల్లో మార్కులు తగ్గాయి, వీడి మనసు మార్చు తండ్రీ" అని గొంతెత్తి అడుగుతాం. పేరుకు దేవుడికి, వినాల్సింది మాత్రం పక్కన మోకరించిన పిల్లవాడు. జవాబు చెబుదామన్నా వాడికి వీల్లేదు, ప్రార్థన కదా! కోడళ్ళ మీద ఇలాంటి ప్రార్థనలు చేసిన అత్తల్నీ చూశాను. ఆమేన్ అనగానే ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటారు.

మా అత్తగారు చదువుకోలేదు. చాప పరిచాక, ఏ పాట పాడదామని ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళనే అడిగేది. మా అమ్మాయి చిన్నప్పుడు మండు వేసవిలోనూ క్రిస్మస్ పాటే కావాలనేది. ఆవిడ చప్పట్లు కొడుతూ అదే పాడేది. శ్రుతి తప్పితే ముందుగా తనే పకపకా నవ్వేది. ప్రార్థనలో ఒక్కొక్కరి పేరూ ఎత్తి, ఆ రోజు వాళ్ళు చేసిన మంచి పని ఒకటి చెప్పేది. "కోడలు ఇవాళ చేపల పులుసు బాగా పెట్టింది, స్తోత్రం తండ్రీ" అనేది. పొద్దున మాటా మాటా అనుకున్న రోజైనా, అది విన్నాక ఆవిడతో మాట్లాడకుండా ఉండటం నా వల్ల అయ్యేది కాదు. మా పిల్లలు ఉద్యోగాలకని హైదరాబాదు వెళ్ళినా, ప్రార్థన వేళకు వాళ్ళే ఫోను చేస్తారు. భయపెట్టి పెంచితే ఆ అలవాటు నిలిచేది కాదు.

కష్టం ఎరగని మనిషి కనక నవ్వింది అనుకోకండి. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లు కూలింది, గేదెలు కొట్టుకుపోయాయి. చాలా రోజులు ఏడ్చిందని మా ఆయన చెబుతారు. అయినా ఆ క్రిస్మస్‌కి, పంచిపెట్టిన బియ్యం దంచి, బెల్లం అరువు తెచ్చి, నాలుగు అరిసెలు వండి పక్కిళ్ళకూ పంపిందట. బైబిల్లో, ధర్మశాస్త్రం విని ఏడుస్తున్న జనానికి యూదుల నాయకుడు నెహెమ్యా చెప్పింది ఇదే కదా: ఏడవకండి, వెళ్ళి తియ్యనివి తాగండి, ఏమీ లేనివాళ్ళకు వంతులు పంపండి అని. ఆనందించండని ఫిలిప్పీ ఊరి క్రైస్తవ సంఘానికి రాసిన అపొస్తలుడు పౌలు కూడా అప్పుడు చెరలో ఉన్నాడు.

శ్రమ దినాల్లో సంతోషమేమిటని కొందరు పెద్దలు కోప్పడతారు. ఆ 40 రోజుల లెక్కలో ఆదివారాలు చేరవు, అవి పునరుత్థానాన్ని తలుచుకునే రోజులు గనక. ఉపవాసమప్పుడు ముఖం వేలాడేసుకోవద్దు, తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోండి అని యేసు ప్రభువే చెప్పాడు.

గృహ కూడికలకు వచ్చే పాస్టరు గార్లకు నా మనవి. ఇంటాయన ప్రార్థనలో పిల్లల చిట్టా విప్పితే అక్కడితో ఆపించండి. ఆ పిల్లల్నే ఒక పాట అందుకోమనండి, సగం వచ్చినా సరే. మార్కుల సంగతి, ఫోను సంగతి మర్నాడు అన్నాల దగ్గర మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బాపట్ల