టర్బో కారుకు కావాల్సింది ఈ డబ్బా కాదు

సంపాదకులకు,

టర్బో డీజిల్ కార్లకు 'పికప్ పెంచే డబ్బా' అని అమ్ముతున్న పెట్టెలో ఏముంటుందో కొనేవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. చవక రకాల్లో చాలావాటి పని ఒక్కటే. కామన్‌రైల్ (డీజిల్‌ను ఎక్కువ ప్రెషర్‌తో ఇంజెక్టర్లకు అందించే గొట్టం) ప్రెషర్ సెన్సర్‌కూ ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటరుకూ మధ్య కూర్చుని వోల్టేజీని తగ్గించి చూపడం. ఆ సెన్సర్ సిగ్నల్ సుమారు 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య నడుస్తుంది. అందులో కాస్త కోత పడితే, ఆ గొట్టంలో ప్రెషర్ చాలడం లేదనుకుని కంప్యూటరు పంపును ఇంకా తోలుతుంది. అది 1,400 బార్ అనుకునే వేళ లోపల 1,600 ఉండొచ్చు. పికప్ వస్తుంది, కాదనం. దాని వెనకే నల్లపొగ, మాడే టర్బో, పాడయ్యే ఇంజెక్టర్లు కూడా వస్తాయి. డబ్బా ఖరీదుకు ఒక్క ఇంజెక్టర్ కూడా రాదు.

పెట్రోలు టర్బోలో ఇదే మోసం ఇంకా చవక: ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ సెన్సర్ వైరులో ఒక రెసిస్టర్. వేడెక్కేకొద్దీ ఆ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది. అదనంగా రెసిస్టర్ కలిపితే గాలి చల్లగా ఉందని నమ్మి కంప్యూటరు స్పార్క్ టైమింగ్ ముందుకు జరుపుతుంది. 40 డిగ్రీలు దాటిన మే ఎండలో ఆ పని చేయిస్తే నాకింగ్ (ఇంధనం వేళ తప్పి పేలడం) మొదలై పిస్టన్ దాకా పోతుంది. ఇక ఇంజిన్ లోపాలు చదివే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే 'మైలేజ్ చిప్' మూత తీసి చూస్తే చాలావాటిలో మెరిసే ఎల్ఈడీ, నాలుగు రెసిస్టర్లే. పోయేది డబ్బొక్కటే, ఇంజిన్ క్షేమం.

పొగ ప్రమాణాలు దాటిన బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. మీ వాహనాల పేజీలో ఇలాంటి ప్రకటన వేసేముందు 'ఇది ఏ సెన్సర్ తీగ మీద కూర్చుంటుంది?' అని ఒక్క ప్రశ్న అడిగితే పాఠకులకు మేలు.

చేతిపని మీద మోజున్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరికే ఎలక్ట్రానిక్స్ సామానుతో, తక్కువ డబ్బుతోనే పనికొచ్చేవి చేసుకోవచ్చు. ముందు కొలవడం. ఓబీడీ సాకెట్‌లో ఈఎల్ఎం 327 బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి ఫోను యాప్‌లో మ్యాప్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ప్రెషర్) రీడింగ్ చూడండి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి 95 కిలోపాస్కల్స్ దగ్గర చూపాలి. సముద్రమట్టపు 101 చూపి కదలకపోతే సెన్సర్‌నో యాప్‌నో అనుమానించండి. లోడు మీద 170 వస్తే అందులో 95 తీసేయండి. మిగిలిన 75 కిలోపాస్కల్సే బూస్ట్ (టర్బో అదనంగా నెట్టే గాలి ప్రెషర్), అంటే దాదాపు 11 పీఎస్ఐ. మామూలు ఓబీడీ రీడింగ్ 255 దగ్గర ఆగిపోతుంది. కొన్ని డీజిళ్లలో అది అక్కడే అతుక్కుంటే బూస్ట్ ఆగిందని కాదు. నడిపేవాళ్లు ఫోను చూడకూడదు, పక్కవాళ్లకు ఇవ్వండి. పని అయ్యాక అడాప్టర్ పీకేయాలి. 16వ పిన్నుకు తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది.

రెండోది, ముందు బంపర్ వెనక ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) ఉన్న కార్లకు నీటి స్ప్రే. మన ఎండ పొడి ఎండ కాబట్టి నీరు చకచకా ఆరి వేడిని లాక్కుపోతుంది. తీరప్రాంతపు ఉక్కపోతలో ఇంత ఫలితం ఉండదు. వేరే ట్యాంకు, 12 వోల్టుల వాషర్ మోటారు, విసనకర్రలా చిమ్మే రెండు ఫ్యాన్ రకం వాషర్ నాజిళ్లు, మళ్లీ మళ్లీ ఆన్, ఆఫ్ చేసే సైకిల్ టైమర్ మాడ్యూల్, రిలే, 0.5 బార్ దగ్గర కలిసే ప్రెషర్ స్విచ్ చాలు. రిలేలో 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా, 87 నుంచి మోటారుకు, 86కు టైమర్ అవుట్‌పుట్, 85కు ఎర్త్. టైమర్‌కు కరెంటు తాళం ఆన్ చేస్తేనే వచ్చే ఫ్యూజు నుంచి, ప్రెషర్ స్విచ్ మీదుగా ఇవ్వాలి. ఒక సెకను ఆన్, ఆరు సెకన్లు ఆఫ్. వాషర్ మోటారు ఆగకుండా తిరగడానికి చేసింది కాదు, ఆపకుండా నడిపితే కాలిపోతుంది.

తప్పులు ఎక్కువగా ఇక్కడే. మోటారు రెండు తీగల మధ్యా, రిలే కాయిల్ రెండు పిన్నుల మధ్యా ఒక్కో 1ఎన్4007 డయోడ్ వేయకపోతే, ఆగినప్పుడల్లా వచ్చే ఎదురు వోల్టేజీ టైమర్‌ను తినేస్తుంది. డయోడ్ మీది వెండి గీత పాజిటివ్ వైపు ఉండాలి. తిరగేస్తే షార్టే. తోటల్లో వాడే సన్నరంధ్రం నాజిళ్లు వద్దు, వాషర్ మోటారు ప్రెషర్‌కు అవి చుక్కలు కారుస్తాయి తప్ప చిమ్మవు. ట్యాంకు నాజిల్ కన్నా ఎత్తున ఉంటే బండి ఆపాక కూడా నీళ్లు జారిపోతాయి, మధ్యలో, మోటారు నెట్టినప్పుడే నీటిని వదిలే చెక్‌వాల్వ్ పెట్టండి. బోరు నీళ్లు అసలు వద్దు. మన నగరంలో బకెట్ల అడుగున కట్టే తెల్లటి పొరే ఇంటర్‌కూలర్ రెక్కల మీదా కడుతుంది. ఆర్వో నీళ్లు పోయండి.

ప్రెషర్ స్విచ్‌కు గాలి ఇంటర్‌కూలర్ తర్వాతి గొట్టం నుంచే తీయాలి. వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా పొగను పక్కకు వదిలే తలుపు) యాక్చుయేటర్ హోస్‌కు టీ జాయింటు వేస్తే, అది లీకైననాడు వేస్ట్‌గేట్ సరిగా తెరుచుకోక బూస్ట్ హద్దు దాటుతుంది. టీ దగ్గర క్లిప్పు వదులైతే బండి లింప్ మోడ్‌లోకి (కంప్యూటరు పవర్ తగ్గించేసే స్థితి) పోయి ఔటర్ రింగు రోడ్డు మీద ఈడుస్తుంది.

ఈ స్ప్రేతో హార్స్‌పవర్ పెరగదు. ఎండలో తగ్గేది కొంత తగ్గకుండా ఉంటుంది, అంతే. తేడా చూడాలంటే ఒకే ఫ్లైఓవర్ ఎక్కుతూ స్ప్రేతో, స్ప్రే లేకుండా ఇన్‌టేక్ గాలి రీడింగ్ పోల్చండి. సెన్సర్ ఎయిర్‌ఫిల్టర్ పక్కనే ఉన్న కార్లలో ఈ తేడా కనబడదు. వానలు మొదలయ్యాక గాలే తడిగా ఉంటుంది కనుక, జూన్ రాగానే స్ప్రే ఫ్యూజు తీసి పక్కన పెట్టొచ్చు.

- కార్ల వైరింగ్ పని చేసే కొందరు, హైదరాబాద్