మొదటి మే డే మన మద్రాసు తీరంలోనే

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో 34 ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఏటా మే 1న మనవణ్ణి మెరీనాలోని శ్రామిక విగ్రహం దగ్గరికి తీసుకెళ్తాను. బండరాయిని కదిలిస్తున్న ఆ నలుగురినీ చూపించి, "మీ తాత పనీ ఇలాంటిదేరా" అంటాను.

ఆ విగ్రహం 1959 నాటిది. అసలు కథ 1923 మే 1న జరిగింది. హైకోర్టు ఎదుటి తీరంలో ఒకటి, ట్రిప్లికేన్ బీచిలో ఒకటి, సింగారవేలు చెట్టియార్ రెండు సభలు పెట్టారు. దేశంలో మొదటి మే డే అదే. లేబర్ కిసాన్ పార్టీ పుట్టిందీ ఆ రోజే. ఆయన జాలర్ల కుటుంబంలో పుట్టిన లాయరు. అప్పటికి 63 ఏళ్లు, ఇప్పుడు నా వయసు. రెండేళ్ల తర్వాత కాన్పూరు కమ్యూనిస్టు మహాసభకు అధ్యక్షత వహించిందీ ఆయనే.

అప్పట్లో కోస్తాకీ, సీమకీ కూడా మద్రాసే రాజధాని. అయినా మే డే అంటే మన పిల్లలకు షికాగో కార్మికుల పోరాటం ఒక్కటే చెబుతున్నాం. వచ్చే మే డే సంచికలో ఒక పేజీ సింగారవేలుకి ఇవ్వండి. దాన్ని కత్తిరించి మా యూనియన్ ఆఫీసు గోడకి నేనే అంటిస్తాను.

– ఒక రిటైర్డ్ ఫిట్టరు, పెరంబూరు, చెన్నై