అట్ట మీద బొమ్మ చూసి సముద్రానికి పోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వేసవి సెలవులకు విదేశీ బీచిలంటూ వేసిన రెండు పేజీలు చదివాను. శ్రీలంక దక్షిణ తీరం ఫొటోలు, ఉనవటున, మిరిస్స, చాలా ముచ్చటగా ఉన్నాయి. ఏ నెలలో పోవాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ముక్క తెలియకే నిరుడు మా వియ్యంకులు మూడు రోజులు హోటల్ గదిలో కూర్చుని వచ్చారు. అందుకే ఈ ఉత్తరం.

నేను కావలిలో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాను. నైరుతి రుతుపవనాలు, ఈశాన్య రుతుపవనాలు, పడమటి కనుమలు అడ్డం రావడం, మన నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచే రావడం, ఇదంతా బోర్డు మీద గీసి గీసి చేతులు నొప్పిపుట్టినదాన్ని. అయినా శ్రీలంక అనేసరికి, రోహిణి కార్తెలో మనకు రోళ్ళు పగిలే ఎండలు కదా, పక్కనే ఉన్న ఆ దేశంలోనూ ఎండలే ఉంటాయనుకున్నాను. పాఠం చెప్పడం వేరు, ప్రయాణం కట్టడం వేరు.

మా అల్లుడు చెన్నైలో ఒక గైడ్ పుస్తకం కొనుక్కొచ్చాడు. నున్నటి కాగితం, పేజీకి మూడు బొమ్మలు, బరువు చూస్తే మా పెద్ద పంచాంగానికి నాలుగింతలు. ఇంట్లో అందరూ తిరగేసి దక్షిణ తీరమే అని తీర్మానించారు. నాకున్న పాత అలవాటు కొద్దీ నేను రెండో పేజీ చూశాను. పాఠ్యపుస్తకాలతో కాపురం చేసినవాళ్ళకు తెలుసు, పునర్ముద్రణ వేరు, సవరించిన ముద్రణ వేరు. పైన కొత్త సంవత్సరమే ఉంది గాని, సవరించింది మాత్రం 2017లో. 2022లో ఆ దేశంలో సంక్షోభం వచ్చి, వాళ్ళ రూపాయి డాలరు ముందు దాదాపు సగానికి పడిపోయింది. అందులోని ధరలు ఇక దేనికి పనికొస్తాయి? ధరల సంగతి వదిలేద్దాం, అవి ఫోన్లో చూసుకోవచ్చు. వాతావరణం గురించి మొత్తం దేశానికీ కలిపి నాలుగు వాక్యాలు రాసి ఊరుకున్నారు. నాకు అనుమానం మొదలైంది అక్కడే.

మా చెల్లెలి దగ్గర ఇంకో పుస్తకం ఉంది. చిన్నది, బొమ్మలు తక్కువ, అక్షరాలు చీమల్లా ఉంటాయి. అందులో ఒక్కో తీరానికి విడివిడిగా నెలలు వేశారు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి నేరుగా తగిలేది దక్షిణ, పడమటి తీరాలకు. సముద్రం పోటెత్తి ఉంటుంది, ఈతకు పనికిరాదు, మిరిస్సలో తిమింగలాలు చూపించే పడవలకూ అది సీజను కాదు. మధ్యలో కొండలు అడ్డం కాబట్టి తూర్పున ట్రింకోమలీ వైపు అదే కాలంలో పొడిగా, నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి. చలికాలం వచ్చిందా, అంతా తలకిందులు. అంటే ట్రింకోమలీ మన నెల్లూరుకు అక్కచెల్లెల లెక్క! అది చదివి నన్ను నేనే తిట్టుకున్నాను.

ఏ పుస్తకాన్ని నమ్మాలి అన్నదానికి నేనొక పరీక్ష పెట్టాను. ఆ రెండు కంపెనీలవీ దక్షిణ భారతం పుస్తకాలు ఒక షాపులో నిలబడే తిరగేశాను. కావలి రెండింట్లోనూ లేదు, లేకపోతే పోయె. పులికాట్ ఉంది. ఫ్లెమింగోలు చలికాలంలో వస్తాయని మన దగ్గర బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు. చిన్న పుస్తకం ఆ నెలలు సరిగ్గా రాసింది. బొమ్మల పుస్తకం పక్షుల స్వర్గం అని పొగిడి సరిపెట్టింది. మనకు తెలిసిన చోటు గురించి అంత పొడిగా రాసినవాళ్ళు, తెలియని చోటు గురించి నిజం రాస్తారని నేనైతే అనుకోను.

మేం జూన్ మొదటి వారంలో తూర్పుకే పోయాం. కొలంబో నుంచి రోడ్డున ఆరేడు గంటలు, నడుములు పడిపోయాయి, అది నిజం. కానీ ట్రింకోమలీ పక్కనున్న నీలావెలి బీచిలో మా మనవడు మోకాలి లోతు నీళ్ళల్లో గంటలు గంటలు ఆడాడు. ట్రింకోమలీలో గుట్ట మీద కోణేశ్వరం గుడి, అష్టాదశ శక్తిపీఠాల్లో మొదట చెప్పుకునే శాంకరీదేవి అక్కడే. బొమ్మల పుస్తకంలో దీనికి రెండు లైన్లు. ఇంకో సంగతి. అక్కడి కొబ్బరి పచ్చడిలో ఎండు చేప పొడి కలుపుతారని, కూరగాయల కూరల్లోనూ వెయ్యొచ్చని, అడిగి తినమని చిన్న పుస్తకం హెచ్చరించింది. మా ఆయన శనివారం నీసు ముట్టరు. ఆ ఒక్క వాక్యానికే పుస్తకం ఖరీదు గిట్టింది.

అదే వారం మా వియ్యంకులు బొమ్మల పుస్తకం పట్టుకుని దక్షిణానికి పోయారు. ఒడ్డంతా ఎర్ర జెండాలు. కిటికీలోంచి సముద్రం చూడ్డానికైతే మన తుమ్మలపెంట చాలదా వదినా అని మా వియ్యపురాలు ఫోన్లో వాపోయింది. పుస్తకం కొన్నది అల్లుడు కాబట్టి నేనేమీ అనలేకపోయాను.

చిన్న పుస్తకంలో ఒక గీత బొమ్మ ఉంది. అలలు విరుగుతున్న చోటి కంటే, మధ్యలో విరగకుండా నున్నగా కనిపించే సందులోనే నీళ్ళు లోపలికి లాగుతాయట. లాగితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ సందు దాటాలట. సముద్రం పక్కన పుట్టి పెరిగి ఇది నేను అరవై దాటాక, పరాయి దేశం పుస్తకంలో నేర్చుకున్నాను. మైపాడులో, కొత్తపట్నంలో ఆ బొమ్మ బోర్డు మీద పెద్దగా గీయిస్తే ఎంత ఖర్చవుతుంది?

మీకు నా విన్నపం ఒకటే. ఇకమీదట ఏ దేశపు తీరం గురించి వేసినా, ఫొటో కొంచెం తగ్గించైనా సరే, ఏ తీరానికి ఏ నెలలో అన్న చిన్న పట్టిక పక్కన వేయించండి. అటువంటి గైడ్ పుస్తకం తెలుగులో ఎవరైనా తెస్తే మొదటి ప్రతి నేనే కొంటాను.

అన్నట్టు, బొమ్మల పుస్తకాన్ని మా మనవడు కత్తెరతో కత్తిరించి బడి ప్రాజెక్టుకు అంటించుకున్నాడు. వాళ్ళ టీచరు చాలా మెచ్చుకున్నారట.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కావలి, నెల్లూరు జిల్లా.